ఆరు క్యాసెట్లూ ఒక్క డిస్కూ

2006 జూన్ 4, ఆదివారం

ఈరోజు పనులు: రెండు బకెట్ల బట్టలు ఉతికి ఆరేశాను. ఫ్రిజ్ ఖాళీ చేసి తుడిచాను. దిండు గలీబులు మార్చాను. డిస్కు ఒకటి తయారైంది. ఇస్త్రీ సగంలో ఆగింది. ఎందుకు ఆగిందో కింద రాస్తాను.

మరదలు పిల్లకి,

అత్తయ్య అడిగారని నువ్వు రాసిన దగ్గర్నుంచి నాకు ఈ ఇంట్లో వేరే పని కనిపించడం లేదు. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆవిడ నన్ను ఒక్క పని అడిగింది లేదు. మా ఇంటికొస్తే టీ కూడా తనే పెట్టుకుంటారు. అలాంటిది, మీ అన్నయ్య కెమెరా కొన్న కొత్తలో తీసిన క్యాసెట్లన్నీ టీవీలో చూసుకునేలా డిస్కు చేసి పంపమన్నారు. సరిగ్గా చెయ్యకపోతే నాకే చిన్నతనం.

క్యాసెట్లు ఆరు. అన్నింట్లోనూ ఉన్నది భోజనాల బల్ల చుట్టూ మనమే. తినడం, మాట్లాడుకోవడం, మధ్యలో మీ అన్నయ్య మీసం సవరించుకోవడం. కెమెరాని వైరుతో కంప్యూటర్‌కి కలిపి క్యాసెట్ ఆడిస్తే అది ఎక్కించుకుంటుంది. ఎక్కించుకున్నంతసేపూ దాని జోలికి వెళ్లకూడదు. నేను వెళ్లలేదు. కానీ కంప్యూటరు, ఇస్త్రీపెట్టె రెండూ ఒకే గదిలో, ఒకే లైను మీద ఉన్నాయి. పెట్టె ప్లగ్గు పెట్టగానే ఫ్యూజు పోయింది. మూడో క్యాసెట్ సగంలో ఉంది. మళ్లీ మొదటికొచ్చాను. రేపు మీ అన్నయ్య ముడతల చొక్కాతోనే ఆఫీసుకి వెళ్తారు.

ఆరింటినీ కుదించి ఒక్క డిస్కులో పట్టించాను. ఒకటి సరిపోయేచోట ఆరు వాడడం నా వల్ల కాదు, నీకు తెలుసుగా.

ఇంకో సంగతి. నేను ఫోన్ చేసినప్పుడల్లా అత్తయ్య స్నానంలోనో నిద్రలోనో ఉంటున్నారు. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు మీ వంటింటి అరల్లో డబ్బాలు ఎత్తుల ప్రకారం సర్ది వచ్చాను కదా. అదేమైనా మనసులో పెట్టుకున్నారా? కనుక్కుని రాయి.

మీ వదిన

జూన్ 10, శనివారం

వదినా,

నీ డిస్కు చేరింది. ప్లేయరు దాన్ని మింగింది, కాసేపు గరగరలాడింది, ‘డిస్కు లేదు’ అని తెర మీద రాసింది. తీసి తుడిచి మళ్లీ పెట్టాను. లేదంది. మా కళ్లద్దాల షాపు నుంచి లెన్సులు తుడిచే మెత్తటి గుడ్డ తెచ్చి తుడిచాను. అయినా లేదంది. కడుపులో పెట్టుకుని లేదనడానికి దానికెంత ధైర్యం! అమ్మ టీవీ ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. కాసేపు చూసి కుర్చీ గోడకి చేరేసి వెళ్లిపోయింది.

అరల గొడవేమీ లేదు. నువ్వు సర్దినవి సర్దినట్టే ఉన్నాయి. పైన ఉన్న డబ్బా అందక నేనే స్టూలెక్కుతున్నాను. ఫోన్ అంటావా, అమ్మకి ఈమధ్య ఫోన్‌లో మాట్లాడటం విసుగు. అంతే.

కాస్త తొందరగా ఇంకోటి చేసి పంపు. అమ్మకి అవసరం.

నీ ఆడపడుచు

జూన్ 18, ఆదివారం

మరదలు పిల్లకి,

తప్పు దొరికింది. ఫైళ్లని ఉన్నవున్నట్టు డిస్కు మీద రాస్తే చాలదట. టీవీ ప్లేయరు చదవగలిగే పద్ధతిలోకి ముందు మార్చాలి. నేనేమో కుట్టాల్సిన బట్టని తానుగానే పంపి చొక్కా అనుకోమన్నాను.

సరే, మార్చడం మొదలుపెట్టాను. పొద్దున పెడితే సాయంత్రానికి దగ్గర దగ్గర చివరికొచ్చి ఆగిపోయింది. ‘తెలియని లోపం’ అని ఒక చిన్న డబ్బా వచ్చింది. దాని కింద ‘సరే’ అని ఒక బొత్తాం. ఏం సరే? దానికే తెలియని లోపం నాకెలా తెలుస్తుంది? ‘సరే కాదు’ అని ఒక బొత్తాం పెట్టాలని ఎవరికీ తోచలేదా? మర్నాడూ అంతే. మూడోసారి తెలిసింది, కంప్యూటర్‌లో చోటు చాలట్లేదని. మీ అన్నయ్య దాచుకున్న పాత ఆఫీసు కాగితాలన్నీ తుడిచేశాను. అడిగితే నీ పేరు చెప్తాను.

ఇది మా టీవీలో ఆడింది. ఆరు క్యాసెట్లూ ఒక్క డిస్కులోనే. మొదలు మాత్రం చూసి కవర్లో పెట్టేశాను.

‘అవసరం’ అని రాశావు. కాలక్షేపానికి చూసే దానికి అవసరం ఏమిటి? నన్ను పరిగెత్తించడానికి అన్నావా?

ఇస్త్రీ గుట్ట కుర్చీ ఎత్తు పెరిగింది.

మీ వదిన

జూన్ 25, ఆదివారం

వదినా,

ఆడింది! అమ్మ ముఖం వెలిగింది. కాసేపే.

మొదట్లో బాగానే ఉంది. పోను పోను మాట వెనకబడింది. తెర మీద నువ్వు గరిటె పట్టుకుని నోరు కదుపుతావు, శబ్దం రాదు. తర్వాత అన్నయ్య నోరు తెరుస్తాడు, అందులోంచి ‘ఇంకొంచెం వడ్డించనా’ అని నీ గొంతు వస్తుంది. నేను పడీ పడీ నవ్వాను. అమ్మ నవ్వలేదు. ఎవరేం అంటున్నారో తనకి తెలియట్లేదంది.

ఇంకో మాట కూడా అంది. ‘వాడి మీసం అడ్డం’ అంది. ఎందుకని నన్నడక్కు. ఉన్నదున్నట్టు రాశాను.

నీ ఆడపడుచు

జూలై 3, సోమవారం

మరదలు పిల్లకి,

ఈ వారం నేను శబ్దానికి దాసీనయ్యాను. కెమెరా శబ్దాన్ని ఒక కొలతలో రాసుకుంటుందట, డిస్కు ఇంకో కొలతలో అడుగుతుందట. రెంటికీ పొత్తు కుదర్చకపోతే క్షణం క్షణం కొంత జారిపోతూ చివరికి అంత దూరమవుతుంది. దాన్ని సరిచేసే చోటు ఎక్కడుందో వెతకడానికే రెండు పూటలు పట్టింది. ఒక పట్టికలో ఇంకో పట్టిక, దాంట్లో ఇంకోటి. ఆ ప్రోగ్రాము చేసినవాళ్ల బీరువా ఒకసారి చూడాలనుంది నాకు.

అత్తయ్యకి మాటలు తెలియట్లేదన్నావు కాబట్టి శబ్దం బాగా పెంచాను కూడా. ఇప్పుడు గుసగుసలు కూడా వినిపిస్తాయి.

మీసం సంగతి చదివి నాకు నవ్వాగలేదు. మూడో క్యాసెట్‌లో ఉంది చూడు. ‘ఆ మీసం తీసెయ్యరా, ముఖం కనపడట్లేదు’ అని అత్తయ్య అంటారు. ‘బాకీ రాసుకో, ఎప్పుడో తీరుస్తాను’ అని ఈయన అంటారు. నేను అప్పుడే వెళ్లి ఇంటి ఖాతా పుస్తకం చివరి పేజీలో రాశాను కూడా. ఇప్పుడు వసూలుకొచ్చారా ఆవిడ? మీ అన్నయ్యకి చెబితే మీసం మీద చెయ్యేసుకుని లోపలికెళ్లిపోయారు.

మీ వదిన

జూలై 10, సోమవారం

వదినా,

నువ్వు శబ్దం పెంచావు. పక్కింటాయన తలుపు కొట్టాడు. ‘మీ వదినగారికి కూర మాడిందని మా ఇంట్లో అందరికీ తెలిసిపోయిందండీ’ అన్నాడు. క్షమించమని పంపించి వచ్చేసరికి అమ్మ కదలకుండా కూర్చుని చూస్తోంది. కుర్చీ టీవీకి ఇంకా దగ్గరగా జరుపుకుంది. అప్పటికీ కుదరట్లేదంది.

శబ్దం సంగతి ఇంక వదిలెయ్ వదినా. అది ఎలా ఉన్నా ఫర్వాలేదు. బొమ్మే కాస్త బాగుచెయ్యి. మాట్లాడేటప్పుడు ముఖాలు బాగా కనపడాలి. నన్ను ఇంతకుమించి అడక్కు.

నీ ఆడపడుచు

జూలై 16, ఆదివారం

ఈరోజు పనులు: ఏమీ చెయ్యలేదు. చెయ్యబుద్ధి కాలేదు.

మరదలు పిల్లకి,

శబ్దం వదిలెయ్యాలా? మాటలు తెలియట్లేదన్నది ఎవరు? మాటలు చెవితో వింటారా, కంటితోనా? వారం రోజులు ఆ కొలతలతో కుస్తీ పట్టాను, ఇప్పుడు అది ఎలా ఉన్నా ఫర్వాలేదా? ఒకసారి అవసరం అంటావు, ఒకసారి అడక్కంటావు. మధ్యలో మీసం అంటావు. నేను మీ అమ్మాకూతుళ్లకి బొమ్మలా కనిపిస్తున్నానా?

ఇంతకుముందు నవ్వులాటకి అడిగాను, ఇప్పుడు నిజంగానే అడుగుతున్నాను. అత్తయ్యకి నా మీద కోపం ఉంటే సూటిగా చెప్పమను. నేను చేసినదేదీ నచ్చదని తెలిస్తే చెయ్యడం మానేస్తాను.

నా సంగతి పోనీ. నిన్న మీ అన్నయ్య ఫోన్ చేశారు. అమ్మ బయట నడకకి వెళ్లిందన్నావు. నువ్వు ఆ మాట అంటుండగానే వెనక నుంచి ‘టీ చల్లారిపోతోంది, రావే’ అని అత్తయ్య గొంతు ఈయనకి వినిపించింది. ఫోన్ పెట్టేశారు. ‘అమ్మకి మనతో మాట్లాడటం ఇష్టం లేదు, ఇంక నేనూ చెయ్యను’ అన్నారు. ఆయన అన్నంత పనీ చేస్తారు, నీకు తెలుసు.

డిస్కులు ఇంక లేవు. కెమెరా పెట్టెలో పెట్టి అటక మీదికి ఎక్కించాను.

మీ వదిన

జూలై 23, ఆదివారం

వదినా,

కూర్చుని చదువు.

అమ్మకి వినపడదు. కొంచెం కాదు, దాదాపు ఏమీ వినపడదు. నువ్వొచ్చి వెళ్లిన కొన్నాళ్లకి మొదలైంది. కుక్కర్ కూత వినపడక అడుగంటించింది. గొంతు పెంచి మాట్లాడితే సరిపోతుందనుకున్నాను. తర్వాత అదీ సరిపోలేదు. డాక్టరు నరం పాడైందన్నారు. చెవికి మిషను పెట్టి చూశాం. అమ్మకి అందులోంచి మాట రాదు, రొదొక్కటే వస్తుంది.

ఆసుపత్రిలో ఒక టీచరమ్మ ఉంది. పెదాల కదలిక చూసి మాట పోల్చుకోవడం నేర్పుతుంది. ముందు బాగా తెలిసిన ముఖాలతో, ముందే తెలిసిన మాటలతో మొదలుపెట్టమంది. మీ ఇంటికొచ్చినప్పుడల్లా ఆ క్యాసెట్లు అమ్మ ఎన్నిసార్లు చూసిందో నీకు తెలుసుగా. అందులో ఎవరి తర్వాత ఎవరేమంటారో అమ్మకి కంఠతా వచ్చు. అందుకే అడిగింది. నేను ప్లేయరు నొక్కి పక్కన నిలబడతాను, తను తెర చూస్తూ మాటలు పైకి చెబుతుంది. ఇదీ ఆ ‘అవసరం’.

నీ డిస్కులో ఎవరూ మాట్లాడనంతసేపూ బొమ్మ బాగుంటుంది. నోరు తెరవగానే అక్కడ గళ్లు గళ్లుగా విడిపోతుంది, లేకపోతే దువ్వెన పళ్లలా గీతలొస్తాయి. అమ్మ అద్దాలు తుడుచుకుని మళ్లీ చూస్తుంది. తప్పు తన కళ్లదే అనుకుంటోంది వదినా. ‘చెవులు పోయాయి, ఇప్పుడు ఇవి కూడానా’ అని నిన్న అంది. అద్దాల షాపులో పనిచేసేదాన్ని, కళ్లు నేనే పరీక్ష చేయించాను. బాగానే ఉన్నాయి. చెబితే నమ్మదు.

ఇంక అన్నయ్య మాటలైతే తనకి అసలు అందట్లేదు. మీసం పై పెదవి మీదికి దిగిపోయింది.

మీకు చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకుంది. తెలిస్తే అన్నయ్య ఆ పూటే వచ్చి తీసుకెళ్లిపోతాడని భయం. తన వీధి, తన ఇరుగుపొరుగు, ఆ టీచరమ్మ, అన్నీ ఇక్కడే ఉన్నాయి. అన్నయ్య వచ్చేసరికి ఎదురుగా కూర్చుని మాట్లాడగలగాలి, అప్పుడే చెబుతానంటుంది. నీ మీద కోపమా? నువ్వు చేసిన డిస్కని పక్కింటావిడకి కూడా చూపించింది.

అన్నయ్యకి మాత్రం చెప్పకు.

నీ ఆడపడుచు

జూలై 30, ఆదివారం

మరదలు పిల్లకి,

ముందు తిట్టు: ఇంత సంగతి నా దగ్గర దాచి శబ్దం పెంచుతుంటే చూస్తూ ఊరుకున్నావు చూడు, దానికి నిన్ను ఆ స్టూలు మీదే నిలబెట్టాలి.

ఇంక పని సంగతి. అత్తయ్య కళ్లకేమీ కాలేదు. పాడుచేసింది నా పొదుపు. ఒక క్యాసెట్టు పట్టే డిస్కులో ఆరు కూరాను. చోటు చాలక కంప్యూటరు కదలని వాటిని ఉంచి, కదిలేచోట కోత పెట్టింది. గోడ కదలదు, బల్ల కదలదు. మనింట్లో భోజనాల దగ్గర కదిలేది నోళ్లే. గళ్లు అందుకొచ్చాయి. నేను ప్రతిసారీ మొదలు చూసి, శబ్దం విని, బాగుందని పంపేశాను. ఎవరి నోటి వంకా చూడలేదు.

దువ్వెన గీతలు ఇంకో తప్పు. టీవీ బొమ్మలో సరి గీతలు ఒక విడత, బేసి గీతలు ఒక విడత వస్తాయి. మా కెమెరా ఏది ముందు రాస్తుందో నేను దానికి తిరగేసి చెప్పాను. మార్చాను. ఇప్పుడు టీవీకి ముక్కు ఆనించి మరీ చూశాను, నీ పళ్లు లెక్కపెట్టొచ్చు. ఆరు క్యాసెట్లకి ఆరు డిస్కులు పంపుతున్నాను.

ఇంక నువ్వు తిట్టుకునే సంగతి. మీ అన్నయ్యకి చెప్పేశాను. మాటిచ్చింది నువ్వు, నేను కాదు. ఇంక ఫోన్ చెయ్యనన్న మనిషిని అలా వదిలేస్తే అది ముదిరి రాయవుతుంది. చెప్పగానే లేచి చొక్కా వేసుకున్నారు, ఇప్పుడే వెళ్లి తీసుకొస్తానని. ‘తీసుకొచ్చి ఏం చేస్తారు? మీ మాట ఆవిడకి వినపడదు, మీ పెదవి కనపడదు. ఇద్దరూ గోడలు చూస్తూ కూర్చుంటారా?’ అన్నాను. పెట్టుకున్న చొక్కా గుండీలు మళ్లీ విప్పేశారు. తర్వాత కత్తెర ఎక్కడుందని అడిగారు. బట్టల కత్తెర ఇవ్వనన్నాను. కాగితాలది తీసుకుని స్నానాలగదిలోకి వెళ్లారు.

బయటికొచ్చిన మనిషిని చూసి ఒక్క క్షణం కొత్తవాళ్లెవరో ఇంట్లోకొచ్చారనుకున్నాను. పై పెదవి అంతా తెల్లగా ఉంది. ఆయన పెదవి మీ అమ్మదే, అచ్చుగుద్దినట్టు. ఇన్నేళ్లుగా నాకు తెలియదు.

కెమెరా అటక మీంచి దింపాను. కిటికీ పక్కన, వెలుతురు ముఖం మీద పడేలా కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఏడో డిస్కులో ఆయనొక్కరే ఉన్నారు. మాటలన్నీ కొత్తవి, అత్తయ్య ముందు విననివి. శబ్దం అసలు పెట్టలేదు, నువ్వు ముందే విని చెప్పేస్తావని. ఆయన అన్నవన్నీ కాగితం మీద రాసి, మడిచి, అంటించి పెట్టాను. అత్తయ్య చెప్పడం పూర్తయ్యాకే విప్పు.

తీసుకెళ్లిపోనని ఆయన చేత ఆ డిస్కు మొదట్లోనే చెప్పించాను.

మీ వదిన

ఆగస్టు 8, మంగళవారం

వదినా,

ఏడో డిస్కే ముందు పెట్టమంది. తెర మీద అన్నయ్య ముఖం రాగానే ‘ఎవరే ఈయన’ అంది. అన్నాక వెంటనే గుర్తుపట్టి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మీకు చెప్పినందుకు నన్ను తిట్టాలని కూడా గుర్తుకురాలేదు. మొదటిసారి ఏమీ చదవలేదు, ఊరికే చూసింది. రెండోసారి పెట్టమంది.

‘తీసుకెళ్లను, నువ్వక్కడే ఉండు, నేనే వస్తుంటాను.’ అదే మొదట చెప్పింది. ఒక్క మాట పోలేదు. తర్వాత ఆఫీసు కబుర్లు సగం సగం వచ్చాయి. ‘ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎన్నాళ్లయిందో’ అన్నది మొత్తం వచ్చింది. చొక్కా చూసి చెప్పిందేమో అని నా అనుమానం. నువ్వు పంపిన కాగితం విప్పి పోల్చాం. మూడొంతులు సరిగ్గా చెప్పింది. పరీక్ష పాసైన పిల్లలా ఆ కాగితం పట్టుకుని టీచరమ్మ దగ్గరికి వెళ్లింది.

ఒక్కచోట అన్నయ్య ముఖం పక్కకి తిప్పి నీతో ఏదో అన్నాడు. నీ కాగితంలో కూడా అది లేదు. ‘అక్కడ కోడల్ని ఏదో తిట్టాడు. ఏమని తిట్టాడో రాయమను, నేనొచ్చి వాడి సంగతి చూస్తాను’ అంటోంది అమ్మ.

ఆ ఆరింట్లో, మీసం ఉన్న అన్నయ్యని పక్కన పెడితే, అందరి మాటలూ అమ్మకి అందుతున్నాయి, నీవే అందట్లేదు వదినా. అన్నింట్లోనూ వడ్డిస్తూ అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నావు. ఎదురుగా ముఖం లేదు. అమ్మ నిన్ను ఇంకో పని అడుగుతోంది. నీదొక డిస్కు కావాలట.

నీ ఆడపడుచు

ఆగస్టు 14, సోమవారం

ఈరోజు పనులు: బట్టలు ఉతికాను. ఇస్త్రీ గుట్ట మొత్తం పూర్తయింది. కంప్యూటర్‌కి వేరే లైను వేయించాం. డిస్కు ఒకటి తయారైంది.

మరదలు పిల్లకి,

మీ అన్నయ్య నన్ను తిట్టలేదని అత్తయ్యకి చెప్పు. ముఖం తిప్పి, ‘ఫోన్ విషయంలో నేనన్న మాట అమ్మదాకా వెళ్లలేదు కదా’ అని అడిగారు. వెళ్లలేదన్నాను. అప్పుడు ఊపిరి పీల్చుకుని చొక్కా సంగతి ఎత్తుకున్నారు. ఇప్పుడు వెళ్లినా ఫర్వాలేదు కాబట్టి రాశాను.

ఎనిమిదో డిస్కు ఇందులో ఉంది. మీ అన్నయ్య కెమెరా పట్టుకుని ‘కదలకు, చేతిలో ఆ గుడ్డ పక్కన పెట్టు’ అని నన్ను కాల్చుకుతిన్నారు. పది నిమిషాలు ఏ పనీ లేకుండా కూర్చుని మాట్లాడటం ఇంత కష్టమని తెలియదు. ఏం మాట్లాడానో కాగితం పెట్టడం లేదు. అత్తయ్యే చదువుకోవాలి. అరలు సర్దినందుకు కోపమొచ్చిందా అని అందులో ఎదురుగా చూస్తూ అడిగాను. జవాబు నువ్వు రాయకు. వచ్చే ఆదివారం మేమిద్దరం వస్తున్నాం, ఆవిడే చెబుతారు.

ఖాతా పుస్తకం చివరి పేజీ ఈరోజు తీశాను. ‘ఈయన అత్తయ్యకి బాకీ: మీసం ఒకటి.’ దాని పక్కన ‘ముట్టింది’ అని రాసి, గీత కొట్టేశాను.

మీ వదిన